పదును

మా ఈతముక్కల ఇసకలో
వాన వెలిసిన గడియకే
కాళ్లు కడక్కుండా ఇంట్లోకి రావచ్చు.
నేల నీళ్లు తాగి మూతి తుడుచుకుంటది,
ఏమీ ఎరగనట్టు.

ఉప్పుగుండూరు కాపురానికొచ్చిన తొలకరిలో
దొడ్లో నాలుగడుగులు వేశాను.
చెప్పులు రెండూ అక్కడే నిలబడ్డాయి,
నేనొక్కదాన్నే ముందుకొచ్చాను.
"మా నేల నిన్ను పోనీయటంలా, చూడు"
అని మాలకొండయ్య నవ్వాడు.
నాకు నవ్వు రాలా.
పుల్లతో పాదాలు గీక్కుంటా కూర్చున్నా
దీపాలు పెట్టిందాకా.

ఎండలకి ఇంకో యవ్వారం.
రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు,
ఇక్కడ రోలు బాగానే ఉంటది,
రోలు కిందది పగులుతుంది.
వంటింటి తూర్పు గోడ ఏటా బీట ఇస్తది,
వానలకు ఏటా మూసుకుంటది.
మా అత్త చెంచమ్మ అందులో సున్నం పెట్టదు,
దువ్వెన పెడుతుంది.
నెర్రెలో కోడిపిల్ల పడితే తీశాం.
నా కాలి మట్టె పడితే
మూరెడు పుల్ల పూర్తిగా దిగింది గానీ
అడుగు తగల్లా.

రెండో ఏడు నాకు తెలివి పుట్టింది.
బంకకు మందు ఇసకే గదా,
పుట్టింటి నుంచి రెండు ట్రక్కులు తోలించా.
చెంచమ్మ అరుగు మీద కందులు చెరుగుతా చూసింది,
ఒక్క మాట అన్లా.
ఆ అనకపోవడాన్ని
నేను వినాల్సింది.

కలిపా. తొక్కా. వంగనారు పెట్టా.
మాఘానికి అది నేల కాదు, గచ్చు.
గునపం దించితే ఖంగుమని ఎగిరి
మోకాలి చిప్ప మీదికొచ్చింది.
వంగమొక్కలు ఆరిపోయిన అగరొత్తుల్లా
నిలబడే ఉన్నాయి పాపం,
వాలడానికైనా చోటు లేక.

అప్పుడు నోరు విప్పింది:
"ఇసకా రేగడీ వియ్యమందితే
ఇటికే పుడతదే అమ్మే.
దాన్ని మార్చబాక, తిండి పెట్టు.
నెర్రెలనుకుంటున్నావా అయ్యి? నోళ్లు.
తన్ను తాను దున్నుకునే నేల ఇది,
నీ ఇసకెందుకు దానికి?"

శనగ పొట్టు, పొగాకు కాడలు,
బర్రె పేడ, బేరన్ పొయ్యి బూడిద
చీపురుతో నెర్రెల్లోకి తోశాం.
ఇల్లు ఊడ్చినట్టు కాదు,
మంచాన పడ్డ మనిషికి గంజి పోసినట్టు,
అంచులు తుడుస్తా తుడుస్తా.

ఇక వాన.
వెలిసిన మర్నాడు దొడ్లోకి పోనీయదు,
మూడోనాడూ పోనీయదు.
నాలుగోనాడు కోడి కూసే వేళ
పిడికెడు తీసి పిసికి
రొమ్మెత్తు నుంచి వదుల్తది.
తపుక్కున అతుక్కుంటే, "ఇంకా."
నాలుగు ముక్కలైతే పార అందుకుంటది.
ఆ పూట కరెంటు బిల్లు పిల్లాడొచ్చినా
రేపు రమ్మంటది.
రేపటికి మళ్లీ రాయి.

బంకకూ రాయికీ నడుమ దొరికే
ఆ ఒకటిన్నర పూటకే
పదునని పేరు.
కత్తికీ అదే మాట.
కత్తినైతే సాన మీద పెట్టొచ్చు,
దీనికోసం కాచుక్కూచోవాలి.

నిన్న పదునైంది. ఇది నాలుగో ఏడు.
చెంచమ్మకు మోకాళ్లు వాచాయి,
వాకిట్లో నులక మంచమేయించుకుంది.
నేను పిడికిలి వదిలా.
చూడలేదామె, చప్పుడు విని
"ఆఁ" అంది.

పార దిగింది, వెన్నలోకని చెప్పను,
దిగింది.
పాత గచ్చు పెళ్లలు ఇంకా వస్తానే ఉన్నాయి,
గోడ వారన కుప్ప పోశా, బుద్ధికి గుర్తుగా.
లోపలి మట్టి తిరగబడ్డ చోట
ఏదో తళుక్కుమంది.
నా మట్టే అనుకున్నా.
కాదు. ఇత్తడి తాళంచెవి,
చిటికెన వేలంత.

"ఎవరిదత్తా?"
కొంగుతో తుడిచి అటూ ఇటూ తిప్పింది.
"ఈ ఇంట్లో తాళం వేసేంతది
ఎప్పుడుందే?"

తూర్పు గోడ బీట
అప్పటికే సగం మూసుకుంది.
దువ్వెన లాగేసి
తాళంచెవి దూర్చి చూసింది.

సరిపోయింది.